ఎర్రర్ రాలేదు, డోర్ నంబరు మాత్రం తారీఖైపోయింది

విశాఖపట్నంలో చాలా ఇళ్ల డోర్ నంబర్లు మూడు ముక్కలుగా ఉంటాయి, మధ్యలో అడ్డగీతలతో. అలాంటి నంబర్లున్న సీఎస్‌వీ ఫైల్‌ని (విలువల మధ్య కామాలు పెట్టిన మామూలు టెక్స్ట్ ఫైల్‌ని) ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసి తెరిచారనుకుందాం. భారతీయ సెట్టింగులున్న కంప్యూటర్‌లో 8-3-12 అనే డోర్ నంబరు 2012 మార్చి 8గా మారిపోతుంది. 50-50-23 మాత్రం అలాగే ఉంటుంది, ఎందుకంటే 50వ తారీఖూ లేదు, 50వ నెలా లేదు. ఎక్సెల్ ఎవరినీ ఏమీ అడగదు. కంగారుపడి ఎవరైనా ఆ గడిని నంబర్ ఫార్మాట్‌లోకి మారిస్తే 40976 కనిపిస్తుంది. 1900 మొదట్నుంచి లెక్కేసుకొచ్చిన రోజుల సంఖ్య అది. ఆ ఫైల్ సేవ్ చేసి డేటాబేస్‌లోకి ఎక్కిస్తే 08-03-2012 అనేది డోర్ నంబర్ కాలమ్‌లో బుద్ధిగా కూర్చుంటుంది. కాలమ్ టెక్స్ట్ రకం కాబట్టి డేటాబేస్‌కి అభ్యంతరం ఉండదు. స్క్రీన్ మీద ఒక్క ఎర్రర్ కూడా రాదు. సిలిండర్ తీసుకుని బయల్దేరిన కుర్రాడికి మాత్రం ఇల్లు దొరకదు.

ఎర్రర్ వచ్చి ఆగిపోయిన ఇంపోర్ట్‌తో పోయేది కాసేపు టైమే. ఏ లైన్‌లో ఆగిందో చూసి, సరిచేసి, మళ్లీ నడపొచ్చు. అసలు నష్టం సజావుగా ముగిసినట్టు కనిపించే ఇంపోర్ట్‌తోనే. ఆ తప్పు బయటపడేసరికి నెలలు గడిచి ఉంటాయి, దాని మీద బిల్లులూ రిపోర్టులూ తయారై ఉంటాయి, అసలు ఫైల్ ఎవరి పెన్‌డ్రైవ్‌లో ఉందో కూడా గుర్తుండదు. 2020లో ఇంగ్లండ్‌లో ఇదే జరిగింది. కోవిడ్ టెస్టుల ఫలితాలను పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫార్మాట్‌లోకి మార్చి పంపేవారు. ఆ ఫార్మాట్‌లో ఒక షీట్‌కి 65,536 వరసలకు మించి పట్టవు. మించినవి చడీచప్పుడు లేకుండా రాలిపోయాయి. సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 వరకు 15,841 పాజిటివ్ కేసులు రోజువారీ లెక్కల్లోకి రాలేదు, వాళ్లతో మెలిగినవాళ్లను వెతికే పనీ ఆలస్యమైంది.

ఊహించేది ఎవరు?

సీఎస్‌వీ అయినా, ట్యాబ్‌లతో విడగొట్టిన టెక్స్ట్ ఫైల్ అయినా అందులో ఉండేవి బైట్లే. ఇది అంకె, ఇది తేదీ, ఇది కావాలని ఖాళీగా వదిలింది, ఇది తెలియక వదిలింది అని ఫైల్‌లో ఎక్కడా రాసి ఉండదు. టేబుల్‌కేమో ప్రతి కాలమ్‌కీ ఒక రకం కావాలి. ఈ రెండింటి మధ్య ఎవరో ఒకరు ఊహించక తప్పదు. ఎక్సెల్ ఊహిస్తుంది, పైథాన్‌లో డేటా పనులకి వాడే పాండాస్ ఊహిస్తుంది, ఫైల్‌ని టేబుల్‌లోకి ఎక్కించే డేటాబేస్ లోడర్ ఊహిస్తుంది. ఊహ కుదరనప్పుడు కొన్ని సాఫ్ట్‌వేర్లు ఆగిపోతాయి, కొన్ని ఏదో ఒకటి పెట్టేసి ముందుకెళ్తాయి. నిశ్శబ్ద తప్పుల్లో ఎక్కువ భాగం ఈ రెండో రకం చేసే ఉపకారమే.

ఒక ఉదాహరణ పెట్టుకుంటే తేలిగ్గా ఉంటుంది. గాజువాకలో ఒక గ్యాస్ ఏజెన్సీ తన పాత కస్టమర్ల జాబితాని కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మార్చుకుంటోందనుకుందాం. పేరు, డోర్ నంబరు, ప్రాంతం, పిన్‌కోడ్, ల్యాండ్‌లైన్, కనెక్షన్ ఇచ్చిన తేదీ, డిపాజిట్ అని ఏడు కాలమ్‌లు. చూడ్డానికి ఇంతకన్నా సాదా ఫైల్ ఉండదు.

ల్యాండ్‌లైన్ నంబర్లు విశాఖ ఎస్టీడీ కోడ్ 0891తో మొదలవుతాయి. ఆ కాలమ్‌ని అంకె అని ఎవరు ఊహించినా ముందున్న సున్నా పోతుంది. పిన్‌కోడ్‌ని తపాలా పద్ధతిలో మూడంకెల తర్వాత ఖాళీ వదిలి 530 026 అని రాసినవాళ్లుంటారు. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో స్ట్రిక్ట్ మోడ్ (పట్టని విలువని ఒప్పుకోని సెట్టింగు) లేనప్పుడు అది పూర్ణాంకాల కాలమ్‌లోకి వెళ్తే ఖాళీ దగ్గర చదవడం ఆగి 530 మిగులుతుంది. డిపాజిట్ 1,250 అని కామాతో ఉంటే కామా దగ్గర ఆగి 1 రూపాయి అవుతుంది. డిపాజిట్ గడి ఖాళీగా ఉంటే 0 అవుతుంది. ఈ చివరిది చిన్న విషయంగా కనిపిస్తుంది గాని అన్నిటికన్నా మోసకారి ఇదే. 'తెలియదు' అన్నది 'ఏమీ కట్టలేదు'గా మారింది మరి. తుపాను రోజున పరికరం పాడై వర్షపాతం గడి ఖాళీగా వదిలిన ఫైల్‌ని ఇలాగే ఎక్కిస్తే, ఆ రోజు చినుకు కూడా పడనట్టు లెక్క తేలుతుంది. సగటు తీసినా, మొత్తం కూడినా తప్పు ఆనవాలు ఎక్కడా కనిపించదు.

అడ్రసుల్లోని కామాలది ఇంకో తంతు. ప్రాంతం గడిలో గాజువాక, విశాఖపట్నం అని కోట్స్ లేకుండా ఉంటే అక్కణ్నుంచి కుడివైపున్న విలువలన్నీ ఒక్కో గడి జరుగుతాయి. పిన్‌కోడ్‌లో ఊరి పేరు, ల్యాండ్‌లైన్‌లో పిన్‌కోడ్. అన్నీ టెక్స్ట్ కాలమ్‌లే అయితే డేటాబేస్ నోరెత్తదు. చివర మిగిలిపోయిన ఎనిమిదో విలువని మైఎస్‌క్యూఎల్ వదిలేసి ఒక వార్నింగ్ రాసుకుంటుంది, అంతే. తండ్రి పేరుకి ముందు రాసే ఎస్, ఓ అక్షరాల మధ్య ముందుకు వాలే గీతకి బదులు వెనక్కి వాలే గీత కొట్టేవాళ్లూ చాలామందే ఉంటారు. మైఎస్‌క్యూఎల్ లోడర్ ఆ వెనక్కి వాలే గీతని ప్రత్యేక గుర్తుగా తీసుకుని మింగేస్తుంది. రెండక్షరాలూ అతుక్కుపోతాయి.

వార్నింగ్ వచ్చినా చూసేవాళ్లేరి?

మైఎస్‌క్యూఎల్‌ని కాస్త విడిగా చెప్పుకోవాలి, చిన్న ఆఫీసుల్లో ఎక్కువగా కనిపించేది అదే కాబట్టి. 2015లో వచ్చిన 5.7 నుంచి స్ట్రిక్ట్ మోడ్ డిఫాల్ట్‌గా ఉంటోంది. దాంతో పైన చెప్పిన 1,250 లాంటి విలువలకి ఎర్రర్ వచ్చి ఆగాలి. ఆగదు, చాలాసార్లు. కారణం లోడ్ డేటా కమాండ్‌లో రాసే లోకల్ అన్న ఒక్క మాట. ఫైల్ సర్వర్‌లో కాకుండా మన కంప్యూటర్‌లో ఉన్నప్పుడు లోకల్ అని రాయాలి. అలా రాస్తే ఫైల్ పంపడం మధ్యలో ఆపే వీలు సర్వర్‌కి ఉండదు కాబట్టి ఎర్రర్లన్నీ వార్నింగులుగా మారతాయి. తప్పుల్ని పట్టించుకోవద్దని ఇగ్నోర్ అని రాసినప్పుడు ఏం జరుగుతుందో ఇక్కడా అదే జరుగుతుంది. స్ట్రిక్ట్ మోడ్ ఆన్‌లో ఉందన్న ధైర్యంతో ఉన్నవాళ్లకి ఈ సంగతి తెలియకపోవడం మామూలే.

లోడ్ అయ్యాక వచ్చే చివరి లైన్‌లో రికార్డులు ఎన్ని, స్కిప్ అయినవి ఎన్ని, వార్నింగులు ఎన్ని అని ఉంటుంది. చాలామంది రికార్డుల సంఖ్య దగ్గరే ఆగిపోతారు. షో వార్నింగ్స్ కొట్టి చూసినవాళ్లకి కూడా మొత్తం కనపడదు. అది దాచుకునే సందేశాలకి ఒక పరిమితి ఉంది. పాత వెర్షన్లలో 64, 8.0 నుంచి 1024. వార్నింగులు 5,000 ఉంటే జాబితాలో కనిపించేది అందులో కొంతే. పైగా ఆ కనెక్షన్‌లో తర్వాతి కమాండ్ నడపగానే పాత జాబితా పోతుంది. స్క్రిప్ట్‌లో లోడ్ అయిన వెంటనే వార్నింగుల సంఖ్యని పట్టుకుని, అది సున్నా కాకపోతే అక్కడే ఆపేయడం తప్ప దీనికి వేరే మందు లేదు.

మిగతా డేటాబేస్‌లు నీతిమంతమైనవని కాదు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో బల్క్ ఇన్సర్ట్ డిఫాల్ట్‌గా పది తప్పుల దాకా ఓర్చుకుంటుంది. పట్టని వరసల్ని వదిలేసి మిగతావి ఎక్కిస్తుంది. అంతకన్నా ముఖ్యం, విడిగా చెప్పకపోతే విలువల హద్దులు చూసే చెక్ నిబంధనల్నీ, వేరే టేబుల్‌తో లంకె కలిపే ఫారిన్ కీలనీ పట్టించుకోదు, వరస చేరగానే వాటంతట అవే నడవాల్సిన ట్రిగర్లనీ నడపదు. టేబుల్‌లో ఇన్ని కట్టుబాట్లు పెట్టాం కదా అన్న భరోసా అక్కడ చెల్లదు. ఆరకిల్‌లో ఎస్‌క్యూఎల్ లోడర్ పట్టని వరసల్ని బ్యాడ్ ఫైల్ అని విడిగా రాసి పెడుతుంది, ఇది మెచ్చుకోదగ్గ పద్ధతి. కాకపోతే ఆ ఫైల్‌ని తెరిచి చూసే బాధ్యత ఎవరిదో ముందే తేల్చుకోకపోతే అదీ ఒక మూల పడి ఉంటుంది. ఎస్‌క్యూలైట్ అయితే పూర్ణాంకాల కాలమ్‌లోకి 1,250 అన్న టెక్స్ట్‌ని టెక్స్ట్‌గానే రానిస్తుంది. 2021 చివర్లో వచ్చిన 3.37 వెర్షన్ నుంచి స్ట్రిక్ట్ టేబుళ్లు ఉన్నాయి. అడిగితేనే.

పోస్ట్‌గ్రెస్ వీటన్నిటిలోకీ మొండిది. కాపీ కమాండ్‌లో ఒక్క విలువ పట్టకపోయినా మొత్తం లోడ్ ఆపేస్తుంది. ఆ మొండితనం విసుగు పుట్టించే మాట నిజమే గాని డేటాకి మంచిది అదే. 2024లో వచ్చిన 17వ వెర్షన్‌లో తప్పు వరసల్ని దాటేసి పొమ్మనే ఆన్ ఎర్రర్ ఇగ్నోర్ కూడా చేర్చారు. వాడేవాళ్లు దాటేసిన వరసల సంఖ్యని చూసుకోకపోతే పోస్ట్‌గ్రెస్ కూడా మిగతావాటి దారిన పడుతుంది. ఇంకో గొయ్యి ఎప్పట్నుంచో ఉంది. పొడవైన పేరుని 20 అక్షరాల కాలమ్‌లోకి నేరుగా పెట్టబోతే ఎర్రర్ ఇస్తుంది. అదే పేరుని ముందు 20 అక్షరాల రకంలోకి మార్చమని క్వెరీలో (డేటాబేస్‌కి ఇచ్చే ఆదేశంలో) రాస్తే మాత్రం చప్పుడు చేయకుండా కత్తిరిస్తుంది. ఎస్‌క్యూఎల్ ప్రమాణమే అలా ఉంది.

365లో 132

తేదీల సంగతి అంకెల్లో చూస్తేనే భయం తెలుస్తుంది. మన దగ్గర రోజు ముందు, నెల తర్వాత. అమెరికా లొకేల్‌తో (ప్రాంతీయ సెట్టింగుతో) పెట్టిన సర్వర్‌కి నెల ముందు. 13/04/2023 అని ఉంటే 13వ నెల లేదు కాబట్టి పోస్ట్‌గ్రెస్ ఎర్రర్ ఇస్తుంది, బతికిపోతాం. 12/04/2023 అయితే డిసెంబరు 4గా చదివేస్తుంది. ఏడాదిలో రోజు, నెల రెండూ 12 లోపు ఉండే తేదీలు 144. వాటిలో 1/1, 2/2 లాంటి 12 తిరగేసినా ఒకటే. మిగిలిన 132 తేదీలు తప్పుగా మారినా చూడ్డానికి నిక్షేపంగా ఉంటాయి. ఎర్రర్ పుట్టించేవి 221.

ఫైల్‌లో ఏడాది పొడవునా తేదీలుంటే ఆ 221లో ఏదో ఒకటి తగిలి లోడ్ ఆగుతుంది. ప్రతి నెలా మొదటి వారంలో తీసిన చిన్న ఫైళ్లకి ఆ అదృష్టం లేదు. టెస్టింగ్‌కి అలాంటి ఫైలే వాడితే ఆ పరీక్ష ఎప్పుడూ పాసవుతుంది. అన్నిటికన్నా ప్రమాదం ఒక్కో విలువని విడివిడిగా ఊహించే పనిముట్లతో. 2023లో పాండాస్ 2.0 వచ్చేదాకా అందులో తేదీలు మార్చే ఫంక్షన్ ఇలాగే చేసేది. 13/04 ని ఏప్రిల్ 13గా, దాని కింద వరసలోని 12/04 ని డిసెంబరు 4గా, ఒకే కాలమ్‌లో. కొత్త వెర్షన్ మొదటి విలువని బట్టి ఒక ఫార్మాట్ పట్టుకుని అందరికీ అదే వర్తింపజేస్తుంది, కుదరకపోతే ఆగుతుంది. పాత స్క్రిప్టులు పాత వెర్షన్ మీదే నడుస్తున్న చోట్ల ఈ గొడవ ఇంకా ఉంటుంది.

రెండంకెల సంవత్సరాలది వేరే కథ. మైఎస్‌క్యూఎల్ 70 నుంచి 99 దాకా 1900ల్లోకి, 00 నుంచి 69 దాకా 2000ల్లోకి తోస్తుంది. 58లో పుట్టిన ఉక్కు కర్మాగారం రిటైర్డ్ ఉద్యోగి 2058లో పుట్టబోతాడు. ఇది పట్టుకోవడం తేలికే, వయసు మైనస్‌లో వస్తుంది కదా. కనీసం ఎవరో ఒకరు నవ్వుతారు.

తెలుగు అక్షరాలకు ప్రత్యేకంగా పొంచి ఉన్న ప్రమాదాలు

ఇంగ్లిష్ డేటాతో పని చేసేవాళ్లు రాసిన సలహాలు ఇక్కడికి వచ్చేసరికి చాలవు. యూనికోడ్ ప్రతి అక్షరానికీ, గుర్తుకీ ఇచ్చే సంఖ్యని కోడ్ పాయింట్ అంటారు. దాన్ని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు కోడ్ పాయింట్‌కీ మూడు బైట్లు. విశాఖపట్నం అన్న మాటలో గుణింతపు గుర్తులు, పొల్లు, సున్నా అన్నీ కలిపి 10 కోడ్ పాయింట్లు, అంటే 30 బైట్లు. ఆరకిల్ డిఫాల్ట్‌గా కాలమ్ పొడవుని బైట్లలో కొలుస్తుంది. 30 అని పెట్టిన కాలమ్‌లో ఆ మాట సరిగ్గా పట్టి అక్కడితో నిండిపోతుంది. మైఎస్‌క్యూఎల్ వార్‌క్యార్ అనే టెక్స్ట్ రకాన్ని అక్షరాల్లో కొలుస్తుంది గాని టైనీటెక్స్ట్ అనే ఇంకో రకం హద్దు మాత్రం 255 బైట్లు, అంటే 85 తెలుగు కోడ్ పాయింట్లు. స్ట్రిక్ట్ మోడ్ లేకపోతే మిగతాది కత్తిరింపే. విశాఖపట్నంని ఎనిమిది దగ్గర కోస్తే విశాఖపట్ అని పొల్లుతో తెగుతుంది. అలా పొల్లుతో ముగిసే ఊరి పేర్లు గుంపుగా కనిపిస్తే కత్తెర పడిందని అనుమానించొచ్చు.

తెలుగు పూర్తిగా పోయే దారి ఇంకొకటి ఉంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో మామూలు వార్‌క్యార్ కాలమ్‌లోకి, యూటీఎఫ్-8 కొలేషన్ (అక్షరాల్ని ఎలా దాచాలో, పోల్చాలో చెప్పే సెట్టింగు) లేకుండా తెలుగు పెడితే ప్రతి కోడ్ పాయింట్ చోటా ఒక ప్రశ్న గుర్తు పడుతుంది. ఎర్రర్ ఉండదు. ప్రశ్న గుర్తు పడ్డాక అసలు అక్షరం ఏదో ఆ టేబుల్‌లో ఎక్కడా మిగలదు. చూస్తే ఘోరంగా ఉంటుంది, అందుకే త్వరగా పట్టుబడుతుంది కూడా.

త్వరగా పట్టుబడనివి చెప్పుకోవాలి. డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో టైపు చేసిన పాత జాబితాలు విశాఖ ఆఫీసుల్లో ఇంకా తిరుగుతున్నాయి. స్క్రీన్ మీద తెలుగులా కనిపించేది ఫాంట్ మాయ, లోపలున్నవి రోమన్ అక్షరాలూ గుర్తులూ. వాటిని ఏ డేటాబేస్ అయినా ఆనందంగా తీసుకుంటుంది. యూనికోడ్‌లో తెలుగు బ్లాక్‌కి చెందిన అక్షరం ఒక్కటి కూడా లేని వరసలెన్నో ఒక రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో (అక్షరాల నమూనాని వెతికే సూత్రంతో) లెక్కపెడితే చాలు, నిజం బయటపడుతుంది.

ఆపైన కంటికి కనపడని తేడాలు. సాఫ్ట్‌వేర్ అన్న మాటలో వేకి ముందు, అక్షరాలు అతుక్కోకుండా ఆపే కనపడని గుర్తుని, అంటే జాయినర్ అడ్డుని, కొందరి కీబోర్డులు పెడతాయి, కొందరివి పెట్టవు. ఐత్వం గుర్తుని యూనికోడ్ ఒక్క కోడ్‌గానూ రాయనిస్తుంది, రెండు ముక్కలుగానూ రాయనిస్తుంది. కంటికి రెండూ ఒకటే, పోస్ట్‌గ్రెస్‌లో మామూలు పోలికకి వేర్వేరు. 13వ వెర్షన్ నుంచి నార్మలైజ్ అనే ఫంక్షన్ ఉంది, ఐత్వం సంగతి అది చూసుకుంటుంది. జాయినర్ అడ్డుని మాత్రం మనమే తీసేయాలో ఉంచాలో తేల్చుకోవాలి. నోట్‌ప్యాడ్ పాత వెర్షన్లు యూటీఎఫ్-8 ఫైల్ మొదట్లో కనపడని ఒక గుర్తు పెట్టేవి. అది మొదటి వరసలోని మొదటి విలువకి అతుక్కుని డేటాబేస్‌లోకి వచ్చేస్తుంది, జాబితాలో మొదటి కస్టమర్ మాత్రం ఎంత వెతికినా దొరకడు. విండోస్‌లో తయారైన ఫైల్ లైన్ల చివర రెండు గుర్తులుంటాయి. లోడర్‌కి ఒకటే చెబితే రెండోది చివరి కాలమ్‌కి తగులుకుంటుంది. గాజువాక అని వెతికితే సున్నా ఫలితాలు, గాజువాకతో మొదలయ్యేవి అని వెతికితే వందలు. ఈ లక్షణం కనిపిస్తే జబ్బు అదే.

చెడిపోయిన తెలుగుని వెనక్కి తేవడం

అన్నిటికన్నా తరచుగా కనిపించే చెడు ఇది: ఫైల్ యూటీఎఫ్-8, కనెక్షన్ మాత్రం లాటిన్-1 (యూరోపియన్ అక్షరాల పాత పద్ధతి) అని చెప్పుకుంది. ఒక్కో తెలుగు అక్షరానికున్న మూడు బైట్లు మూడు వేర్వేరు యూరోపియన్ అక్షరాలుగా మారతాయి. తెలుగు బ్లాక్ అంతటికీ మొదటి బైట్ 224, రెండోది 176 గాని 177 గాని. కాబట్టి తల మీద గీత ఉన్న రోమన్ అక్షరం, దాని పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో పదేపదే కనిపిస్తే అది చెడిన తెలుగే. తమిళం, కన్నడానికి రెండో బైట్ వేరుగా ఉంటుంది.

దీన్ని వెనక్కి తిప్పొచ్చని అందరూ చెబుతారు, నిజమే. చాలామంది చెప్పనిది, తెలుగు విషయంలో ఎక్కడ విరుగుతుందన్నది. లాటిన్-1 అని పిలిచేది ఆచరణలో చాలాచోట్ల విండోస్-1252. అందులో 129, 141, 143, 144, 157 అనే ఐదు బైట్లకి అక్షరాలు కేటాయించలేదు. ఇప్పుడు తెలుగు వైపు చూడండి. పొల్లు మూడో బైట్ 141. ఉకారపు కొమ్ము మూడో బైట్ 129, అరసున్నాదీ అంతే. ఏ కి 143, ఐ కి 144, ఝ కి 157. అంటే కేటాయింపు లేని బైట్లని పారేసే పనిముట్టు గుండా ఈ డేటా ఒక్కసారి వెళ్లినా ప్రతి ఒత్తూ, ప్రతి కొమ్మూ విరుగుతుంది. గాజువాక, అనకాపల్లి, పాడేరు, మధురవాడ, భీమునిపట్నం... ఈ ప్రాంతంలో దెబ్బ తగలని ఊరి పేరు వెతుక్కోవాలి. పైథాన్‌లో ఎర్రర్లని ఇగ్నోర్ చేయమని చెప్పి మార్చడం ఇలాంటి పనే.

ఇంతటితో అయిపోలేదు. ఠ మూడో బైట్ 160. లాటిన్-1లో అది విడదీయరాని ఖాళీ, ఖాళీలని శుభ్రం చేసే స్క్రిప్టులు దాన్ని తీసేస్తాయి. భ మూడో బైట్ 173, అంటే మెత్తని హైఫన్, చాలాచోట్ల కంటికే కనపడదు. కాపీ-పేస్ట్‌లో జారిపోయే అవకాశం ఎక్కువ. చెడిన డేటాలో కనపడని గుర్తులన్నీ ముందు తీసేసి తర్వాత బాగుచేద్దామనుకుంటే భీమిలిలో భ పోయాక ఇక చేసేదేమీ ఉండదు. మొదటి తప్పు కన్నా దాన్ని దిద్దబోయి చేసిన రెండో పనే ఎక్కువ నష్టం తెస్తుందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

మైఎస్‌క్యూఎల్ ఈ విషయంలో మెచ్చుకోదగ్గది. దాని లాటిన్-1 కూడా విండోస్-1252నే గాని ఆ ఐదు బైట్లని పారేయదు, వెనక్కి తిప్పితే అవే వస్తాయి. కాబట్టి చెడిన డేటా ఇంకా మైఎస్‌క్యూఎల్ లోపలే ఉంటే బాగుచేసే పని కూడా అక్కడే జరగాలి. కాలమ్ విలువని లాటిన్-1కి, దాన్ని బైనరీకి, బైనరీని యూటీఎఫ్8ఎంబీ4కి (మైఎస్‌క్యూఎల్‌లో పూర్తి యూటీఎఫ్-8 పేరు అది) మార్చే ఒక్క క్వెరీ. రెండు జాగ్రత్తలున్నాయి. ఒకటి, సరిగ్గా ఉన్న తెలుగు వరసల మీద ఇది నడిపితే అవి ప్రశ్న గుర్తులైపోతాయి. సగం పాత డేటా, సగం కొత్త డేటా కలిసున్న టేబుల్‌లో ఇలా జరగడానికి ఆస్కారం చాలా ఎక్కువ. ముందు చెప్పిన డిగ్రీ గుర్తు ఆనవాలు ఉన్న వరసలకే పరిమితం చేయాలి. రెండు, ఫలితాన్ని అదే కాలమ్‌లో కాకుండా కొత్త కాలమ్‌లో రాసి, రెండూ పక్కపక్కన పెట్టి చూశాకే మార్పిడి చేయాలి. కొన్నిసార్లు చెడిపోవడం రెండుసార్లు జరిగి ఉంటుంది. అప్పుడు ఒక మూడు బైట్ల అక్షరం ఆరో, ఏడో గుర్తులుగా కనిపిస్తుంది, తిప్పడమూ రెండుసార్లు చేయాలి.

ఎక్కించే పద్ధతి మార్చుకోవడం

ఊహించే పని లోడర్ చేతుల్లోంచి తీసేయడమే దారి. అందుకు అన్ని కాలమ్‌లూ టెక్స్ట్‌గా ఉన్న ఒక మధ్యంతర టేబుల్ పెట్టుకోవాలి, ఆఫీసుల్లో స్టేజింగ్ టేబుల్ అంటారు. ఫైల్‌లో ఏముందో అది అక్షరం పొల్లుపోకుండా అక్కడికి వస్తుంది, పక్కన ఫైల్ పేరూ లైన్ నంబరూ ఉంటాయి. అక్కణ్నుంచి అసలు టేబుల్‌లోకి మార్చేటప్పుడు ప్రతి మార్పూ మనం రాసిన క్వెరీలో కనపడుతుంది. తేదీ రోజు-నెల-సంవత్సరం అని మనమే చెబుతాం. కామాలు మనమే తీస్తాం. ఖాళీ అంటే నల్ (విలువ తెలియదు) అని మనమే రాస్తాం. పట్టని వరసలు మూడో టేబుల్‌లోకి, కారణంతో సహా. డోర్ నంబర్, పిన్‌కోడ్, ఫోన్ నంబర్, ఆధార్ నంబర్ లాంటివి ఎప్పటికీ టెక్స్టే. వాటిని ఎవరూ కూడరు, సగటు తీయరు, అంకెల రకం పెట్టాల్సిన అవసరమే లేదు.

తర్వాత లెక్క సరిపోవాలి. ఫైల్‌లోని రికార్డులు, ఎక్కినవీ తిరస్కరించినవీ కలిపిన మొత్తానికి సమానం కావాలి. రికార్డులనే లెక్కించాలి, లైన్లని కాదు, కోట్స్ మధ్య లైన్ విరిగిన అడ్రసులుంటే రెండూ ఒకటి కావు. బ్యాంకుల్లో ఎప్పట్నుంచో ఉన్న పద్ధతి ఇంకొకటి వాడుకోవచ్చు. ఫైల్ పంపేవాళ్లే డిపాజిట్ల మొత్తం విడిగా రాసిస్తారు, ఎక్కించినవాళ్లు తమ టేబుల్‌లో కూడి పోలుస్తారు. 1,250 ఎక్కడైనా 1 అయి ఉంటే ఇక్కడ దొరికిపోతుంది. టెక్స్ట్ కాలమ్‌లకి ఇది పని చేయదు కాబట్టి వాటికి ఎక్కించిన డేటాని మళ్లీ ఫైల్‌గా బయటికి తీసి అసలు ఫైల్‌తో పోల్చాలి.

లెక్క సరిపోయాక కూడా వరసలు రాలిపోయే చోటు ఒకటుంది, మాస్టర్ టేబుల్‌తో (సరైన ఊళ్లు, జిల్లాల జాబితాతో) జాయిన్, అంటే రెండు టేబుళ్ల వరసల్ని జత కలపడం. 2022 ఏప్రిల్ 4న విశాఖపట్నం జిల్లా మూడైంది. అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు విడిపోయాయి. పాత ఫైల్‌లో పాడేరు పక్కన విశాఖపట్నం జిల్లా అని ఉంటుంది, కొత్త మాస్టర్‌లో అలాంటి జంటే ఉండదు. జతపడినవే ఉంచే ఇన్నర్ జాయిన్ రాస్తే పాడేరు, అరకు, నర్సీపట్నం వరసలు ఒక్కటీ మిగలవు. జతపడని వరసల్నీ ఉంచే లెఫ్ట్ జాయిన్ రాసి, అలాంటివి ముందు బయటికి తీసి చూడాలి. వాల్తేరు, వైజాగ్, విశాఖ అని రకరకాలుగా రాసినవీ అక్కడే బయటపడతాయి.

అసలు ఫైల్‌ని ముట్టుకోకుండా, ఎక్సెల్‌లో తెరవకుండా, దాని హ్యాష్‌తో (ఫైల్ మారిందో లేదో చెప్పే వేలిముద్ర లాంటి కోడ్‌తో) సహా దాచిపెట్టుకుంటే ఇంపోర్ట్ ఎన్నిసార్లయినా మళ్లీ నడపొచ్చు. అది లేనప్పుడు తప్పుల్ని రెండు గుట్టలుగా విడగొట్టుకోవాలి. యూరోపియన్ గుర్తులైపోయిన తెలుగు, తిరగబడిన తేదీలు, తారీఖులైన డోర్ నంబర్లు, సున్నా పోయిన 0891 నంబర్లు ఒక గుట్ట. వీటిలో ఎక్కువ భాగం క్వెరీలతో వెనక్కి వస్తాయి. ప్రశ్న గుర్తులు, కత్తిరించిన పేర్లు, 1గా మిగిలిన డిపాజిట్లు, ఖాళీ కాబోయి 0 అయినవి రెండో గుట్ట. వాటికి క్వెరీ లేదు. కస్టమర్ల దగ్గరున్న బ్లూ బుక్‌ల (గ్యాస్ కనెక్షన్ పుస్తకాల) జిరాక్సులు తెప్పించుకుని, ఒక్కొక్కటీ చూసి టైపు చేయడమే.